ఆగి ఆగి నడిచే బండి

మీ మామయ్య హైదరాబాదు నుంచి మోటారు సైకిలు మీద అచ్చంపేటలోని మీ అమ్మమ్మగారింటికి వచ్చాడనుకోండి. రేపు తెల్లవారగానే మిమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం తీసుకువెళతానని మాట ఇచ్చాడు. కాని ఇంటికి రాగానే ఆయన ముఖంలో సంతోషం లేదు. దారిలో బండి మూడుసార్లు ఆగిపోయిందట. ప్రతిసారీ ఒకటే తంతు. పది పదిహేను కిలోమీటర్లు చక్కగా పరుగెత్తుతుంది. తర్వాత దగ్గుతుంది, నీరసిస్తుంది, ఆగిపోతుంది. కిక్కు కొట్టినా పలకదు. చెట్టు కింద పావుగంట కూర్చుని మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది!

బజారులో ఒక మెకానిక్కు చూసి, "బోరుకొచ్చినట్టుంది సార్, ఇంజను దించి చూడాలె" అన్నాడట. దించితే రెండు రోజుల పని, వేల రూపాయల ఖర్చు. దించకుండా వెళదామంటే, మన్ననూరు దాటిన తర్వాత అంతా నల్లమల అడవి. పులులు తిరిగే ఆ దారిలో రాత్రివేళ వాహనాలను వదలరు. పొద్దుపోయే వేళ నడి అడవిలో బండి మొరాయిస్తే ఏం కావాలి?

ప్రయాణం మానుకోవలసిందేనా? తొందరపడకండి. పానా పట్టుకునే ముందు కాస్త బుర్రకు పని చెబుదాం.

ఇంజనుకు కావలసినవి మూడే

డాక్టరు రోగిని చూడగానే కత్తి తీసుకోడు. నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, నాలుగు ప్రశ్నలు వేస్తాడు. బండి విషయంలోనూ అంతే. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంజనులో సిలిండరు అనే గొట్టం ఉంటుంది. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. మన రోడ్ల మీది మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగం నాలుగు ఘాతాల ఇంజన్లు. మొదటి ఘాతంలో పిస్టను కిందికి దిగుతూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. రెండవ ఘాతంలో పైకి వస్తూ దాన్ని గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది. మిశ్రమం భగ్గున మండి, వేడి వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి తోస్తాయి. బండిని నడిపే శక్తి వచ్చేది ఈ మూడవ ఘాతంలోనే. నాలుగవ ఘాతంలో పిస్టను మళ్లీ పైకి వచ్చి, కాలిన వాయువులను పొగగొట్టంలోకి నెట్టివేస్తుంది.

1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ మోటారు సైకిలు సంగతి చూడండి. దాని పాత ఇంజను సిలిండరు వ్యాసం 7 సెంటీమీటర్లు, పిస్టను నడిచే దూరం 9 సెంటీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం కనుక్కునే సూత్రం మీకు తెలిసిందే. లెక్క కట్టండి. దాదాపు 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండి కాగితాల్లో రాసి ఉండే అంకె ఇదే.

ఇంజను ఇరుసు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకొక రవ్వ చాలు కనుక నిమిషానికి 1,500 రవ్వలు, అంటే సెకనుకు 25! మీరు రెప్ప వేసి తీసేలోగా నాలుగైదు మంటలు వెలిగి ఆరిపోతాయి.

కాబట్టి ఇంజనుకు కావలసినవి మూడే: సరైన పాళ్లలో గాలి-పెట్రోలు మిశ్రమం, దాన్ని నొక్కే బిగువు, వేళకు పడే రవ్వ. ఈ మూడూ ఉంటే ఇంజను నడిచి తీరాలి. నడవలేదంటే ఈ మూడింటిలో ఒకటి తప్పిపోయిందన్నమాట. దొంగను పట్టడానికి ఊరంతా వెతకనక్కరలేదు, మూడు ఇళ్లు చూస్తే చాలు.

ఒక్కొక్కటే పరీక్షిద్దాం

ఇక్కడొక నియమం గుర్తుంచుకోండి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ప్లగ్గు మార్చి, కార్బురేటరు కడిగి, తీగలు బిగించి, అన్నీ ఒకేసారి చేస్తే బండి బాగుపడవచ్చు గాని జబ్బేమిటో మీకు తెలియదు. రేపు మళ్లీ అదే జబ్బు వస్తే మళ్లీ మొదటికే. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు పాటించే నియమమూ ఇదే.

ఇంకో నియమం: సులువైనవి ముందు, కష్టమైనవి తర్వాత. టాంకులో పెట్రోలుందా? టాంకు కింద పెట్రోలు తిప్పే పిడి తెరిచి ఉందా? తాళంచెవి తిప్పామా? పిడి దగ్గర ఇంజను ఆపే ఎర్ర మీట ఎవరైనా నొక్కారా? నవ్వకండి! ఈ ఎర్ర మీట చూసుకోక అరగంట కిక్కు కొట్టి చెమటలు కక్కిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు.

మామయ్య ఇవన్నీ చూశాడు. ఇక మొదటి అనుమానం, బిగువు. మెకానిక్కు చెప్పినట్టు సిలిండరు అరిగిపోయి ఉంటే నొక్కిన మిశ్రమం పక్కల నుంచి జారిపోతుంది. కిక్కు నెమ్మదిగా తొక్కితే కాలికి ఎదురు తగలదు, మెత్తగా దిగిపోతుంది. కాని మామయ్య బండి కిక్కు గట్టిగా ఎదురు తన్నుతోంది. పైగా అరిగిన సిలిండరు పావుగంటలో తనంతట తాను బాగుపడుతుందా? ఆలోచించండి. కనుక మొదటి ఇల్లు వదిలేద్దాం.

రెండవ అనుమానం, రవ్వ. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఆ కొద్దిపాటి వోల్టేజి ప్లగ్గు కొసల మధ్య సందును దూకలేదు. అందుకే ఇగ్నిషను కాయిలు ఉంటుంది. అందులో ఒక తీగచుట్ట మీద ఇంకో తీగచుట్ట. మొదటి చుట్టలో పారే కరెంటును హఠాత్తుగా తెంచితే, వేల మెలికలున్న రెండవ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ అంటే ఇదే. పాత బండ్లలో కరెంటును తెంచే పని పాయింట్లు చేసేవి. తర్వాతి బండ్లలో ఆ పని ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నాయి.

కొన్ని కాయిళ్లు వేడెక్కితే పనిచేయవు, చల్లారితే మళ్లీ పనిచేస్తాయి. మామయ్య బండి జబ్బూ అలాగే ఉంది కదా! మరి ఎలా తేల్చడం? బండి ఆగిన ఆ క్షణంలోనే రవ్వ చూడాలి. చల్లారిన తర్వాత చూస్తే లాభం లేదు. మామయ్య మూడవసారి ఆగినప్పుడు ఆ పనే చేశాడట. పెట్టెలోని కొత్త ప్లగ్గును రబ్బరు టోపీకి తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజను రెక్కలకు ఆనించి కిక్కు తొక్కాడు. టక్ టక్‌మని నీలి రవ్వ పడింది. రెండవ ఇల్లూ అయింది. (ఈ పరీక్ష పెద్దవాళ్లే చేయాలి. పెట్రోలు ఒలికిన చోట అసలు చేయరాదు. వేల వోల్టులని మరచిపోవద్దు.)

ఇంజనులోంచి తీసిన పాత ప్లగ్గు కూడా సాక్ష్యం చెబుతుంది. దాని కొస లేత గోధుమరంగులో ఉంటే దహనం సవ్యంగా జరుగుతున్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైనట్టు. తడి నూనె మసి అయితే ఇంజను ఆయిలు లోపలికి వస్తున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను అతిగా వేడెక్కుతున్నట్టు. మామయ్య ప్లగ్గు తెల్లగా ఉంది!

ఇక మిగిలింది మూడవ ఇల్లు. పెట్రోలు చాలడం లేదు. టాంకు నిండా ఉండి కూడా ఎందుకు చాలడం లేదు?

అమ్మమ్మ నూనె డబ్బా

ఈ గొడవంతా వింటూ అమ్మమ్మ వంటింట్లో కొత్త నూనె డబ్బాకు మేకుతో చిల్లు పెడుతోంది. ఒక మూల ఒక చిల్లు పెట్టింది. ఎదురు మూల ఇంకొకటి పెట్టింది. "రెండోది ఎందుకమ్మమ్మా?" అని అడిగారు మీరు. "గాలి పోకుంటే నూనె ఎట్ల వస్తది బిడ్డా? గుటుక్ గుటుక్‌మని ఆగుతది" అంది అమ్మమ్మ.

ఆగి ఆగి నడిచే బండి జబ్బు అదే!

టాంకులోంచి పెట్రోలు దిగినకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. అందుకోసం టాంకు మూతలో సన్నని కన్నం ఉంటుంది. అది దుమ్ముతోనో, బండి కడిగినప్పుడు చేరిన బురదతోనో పూడిపోతే లోపలికి గాలి రాదు. లోపలి పీడనం తగ్గుతుంది. బయటి గాలి పీడనం కార్బురేటరు వైపు నుంచి పెట్రోలును కిందికి దిగనివ్వకుండా నిలబెడుతుంది.

ఎంత పీడనం తగ్గితే ఆగుతుందో లెక్క చూద్దాం. టాంకులో పెట్రోలు మట్టం కార్బురేటరు కంటే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. పెట్రోలు కిందికి దిగేది ఆ ఎత్తు బలం మీదే. ఇప్పుడు టాంకు నిండా పెట్రోలు పోసి, పైన ఒక్క లీటరు గాలి మాత్రమే ఉందనుకుందాం. 50 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చయితే ఆ గాలి 1.05 లీటర్లకు వ్యాపించాలి. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ప్రకారం పీడనం దాదాపు 5 శాతం తగ్గుతుంది. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటి స్తంభానికి సమానం కదా! అందులో 5 శాతమంటే అర మీటరు నీరు. నీటికన్నా తేలికైన పెట్రోలులో చెబితే సుమారు 65 సెంటీమీటర్లు. మనకున్న ఎత్తు 30 సెంటీమీటర్లే. ఇంకెక్కడ దిగుతుంది?

అదే టాంకు సగం ఖాళీగా ఉండి 8 లీటర్ల గాలి ఉంటే? అంతే పెట్రోలు ఖర్చయినా పీడనం ఒక శాతం కూడా తగ్గదు. పెట్రోలు స్తంభంలో 9 సెంటీమీటర్లకు మించదు. బండి నడుస్తూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గాని సంగతి ఇదే.

ఇప్పుడు అన్ని చిక్కుముడులూ విడిపోతాయి చూడండి. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ జబ్బు ఎందుకు కనిపించలేదు? అప్పుడు టాంకు సగమే ఉంటుంది, వేగం తక్కువ, పెట్రోలు ఖర్చూ తక్కువ. దూర ప్రయాణానికి టాంకు నింపి వేగంగా పోతేనే జబ్బు బయటపడింది. పది పదిహేను కిలోమీటర్లయినా ఎలా నడిచింది? కన్నం పూర్తిగా మూసుకుపోలేదు, కొద్దికొద్దిగా గాలి దూరుతోంది. పావుగంట ఆగితే మళ్లీ ఎందుకు నడిచింది? ఆ సన్నని సందులోంచే కావలసినంత గాలి నింపాదిగా చేరింది కనుక.

అనుకోవడంతో సరిపోదు, రుజువు కావాలి. మామయ్య బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. ఆగిపోగానే పెట్రోలు మూత తెరిచాడు. ఉస్‌మని గాలి లోపలికి దూరిన చప్పుడు! వెంటనే కిక్కు కొడితే బండి స్టార్టయింది. పావుగంట ఆగనక్కరలేకపోయింది. ఇంటికి వచ్చి మూత విడిగా తీసి, సన్నని తీగతో కన్నం పొడిచి దుమ్ము దులిపాడు. ఖర్చు? ఒక్క పైసా లేదు.

మీరూ ఈ ప్రయోగం చేయవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా గుండుసూదితో చిల్లు పెట్టండి. నీళ్లు నింపి మూత గట్టిగా బిగించండి. ధార ఆగిపోతుంది. మూత వదులు చేయండి. మళ్లీ ధార! ఈసారి సీసా సగమే నింపి మూత బిగించి చూడండి. ధార ఆగడానికి ఎక్కువసేపు పడుతుందా, తక్కువసేపా? మీ పుస్తకంలో రాసుకోండి.

2020లో కాలుష్య నిబంధనలు కఠినమైన తర్వాత మన దేశంలో వచ్చిన కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు బదులు పెట్రోలును పంపుతో చిమ్మే పరికరం ఉంటోంది. కాని వాటి టాంకుకూ గాలి కావలసిందే.

బయలుదేరే ముందు

జబ్బు కుదిరింది. మరి అడవి దారికి బండి సిద్ధమేనా? ఇంకొక అరగంట పనుంది. ఇంజను ఆగిపోతే ప్రయాణం ఆగుతుంది, అంతే. టైరో బ్రేకో తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

టైర్లు: మనుషులతో సామానుతో కలిపి వెనక చక్రం మీద 200 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌన్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. 200ను 2.25తో భాగించండి. దాదాపు 89 చదరపు సెంటీమీటర్లు. మీ మామయ్య అరచేయంత! వంపుల్లో బండిని రోడ్డుకు పట్టి ఉంచేది ముందొక అరచేయి, వెనకొక అరచేయి మాత్రమే. అందుకే టైరు గీతలు అరిగిపోకూడదు. గాలి కొలవడం బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చేయాలి. నడిచిన టైరు వేడెక్కుతుంది, లోపలి పీడనం పెరుగుతుంది, కొలత తప్పుతుంది. వెనక మనిషి కూర్చుంటే ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బ్రేకులు: బండీ ఇద్దరు మనుషులూ కలిసి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే వారి గతిజశక్తి, వారందరినీ 14 మీటర్ల ఎత్తుకు, అంటే నాలుగంతస్తుల మేడ మీదికి ఎత్తేటంత ఉంటుంది. ఆపిన ప్రతిసారీ ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. బ్రేకు మీట పట్టు బిగువుగా ఉందా, కేబులు పోగులు తెగాయా, వెనక ఎర్ర దీపం వెలుగుతోందా చూడాలి. బ్రేకుల దగ్గర నూనె చుక్క పడనివ్వకూడదు. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్మకుండా చిన్న గేరులో దిగితే ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుంది.

చెయిను: "చెయిను సాగింది" అంటారు. నిజానికి ఇనుప పలకలు సాగవు. వాటిని కలిపే పిన్నులు అరుగుతాయి. ఒక్కొక్క పిన్ను దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా, వంద లింకులున్న చెయిను మొత్తం ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. అప్పుడు పళ్ల చక్రంతో దాని లెక్క కుదరదు. చెయిను మరీ వదులైతే పళ్ల మీది నుంచి జారవచ్చు. మరీ బిగుతైతే చక్రం గతుకుల్లో ఎగిరినప్పుడు బేరింగులు దెబ్బతింటాయి. కింది వరస మధ్యలో వేలితో ఎత్తి చూస్తే చాలా బండ్లలో రెండున్నర, మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి కొలత పుస్తకంలో చూడండి. దుమ్ము తుడిచి, చెయిను నూనె పెట్టాలి. ఈ పని ఇంజను ఆపిన తర్వాతే! తిరిగే చెయిను దగ్గర గుడ్డ పట్టుకున్న చేయి వేళ్లతో సహా నలిగిపోతుంది.

ఇంజను ఆయిలు: ఇది ఇంజనుకు నెత్తురు వంటిది. జారుడునిస్తుంది, వేడిని మోసుకుపోతుంది, అరిగిన రజనును కడుగుతుంది. బండిని సమతలం మీద నిలువుగా నిలబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు మట్టం చూడాలి.

బ్యాటరీ: కొసల దగ్గర తెల్లని పొడి పేరుకుంటే కరెంటుకు అడ్డు. తీగలు విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడిస్తే నురగ వచ్చి పొడి కరిగిపోతుంది. ఆమ్లానికి క్షారం విరుగుడు కదా! ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. అందులోంచి వచ్చే హైడ్రోజను మండుతుంది.

చివరగా పెట్టె సర్దుకోవాలి. ప్లగ్గు పానా, ఒక కొత్త ప్లగ్గు, రెండు మూడు పానాలు, స్క్రూ డ్రైవరు, క్లచ్ కేబులు, ఫ్యూజు, పంక్చరు సామాను, టార్చిలైటు, పాత గుడ్డ. ఇద్దరికీ హెల్మెట్లు.

మీకు మూడు హెచ్చరికలు. మూసిన గదిలో ఇంజను నడపనివ్వకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మనిషిని నిశ్శబ్దంగా చంపుతుంది. నడిచి వచ్చిన బండి పొగగొట్టాన్ని ముట్టుకోకండి. పెట్రోలు పని ఏదైనా ఆరుబయట, దీపానికి దూరంగా, పెద్దవాళ్ల చేతనే జరగాలి. మీ పని చూడడం, అడగడం, ఆలోచించడం. ఈ కథలో జబ్బు కుదిర్చినవి అవే కదా!

తెల్లవారింది. మన్ననూరు దాటింది, అడవి దాటింది, ఘాటు మలుపులు దాటాయి. బండి ఎక్కడా దగ్గలేదు. శ్రీశైలం డ్యాము దిగువన కృష్ణ మీది వంతెన దగ్గర మామయ్య తానే బండి ఆపాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ మెకానిక్కుకు కూడా ఈ సంగతి చెప్పాలన్నాడు. రేపు ఇంకొకరి బండి ఇలాగే వస్తే ఆయన ముందు మూత తెరిచి చూస్తాడు.

ఆలోచించండి

1. నీళ్లలో ముంచిన గొట్టం పై కొసను వేలితో మూసి పైకెత్తితే నీళ్లు ఎందుకు జారవు? దీనికీ మామయ్య బండికీ ఉన్న సంబంధమేమిటి?

2. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి గతిజశక్తి కంటే 80 కిలోమీటర్ల వేగంలో ఎన్ని రెట్లు ఎక్కువ?

3. 110 లింకుల చెయినులో ఒక్కొక్క పిన్ను దగ్గర 0.2 మిల్లీమీటరు అరిగితే చెయిను ఎంత పొడవు పెరుగుతుంది?

4. బండి ఆగిన వెంటనే మూత తెరిచినా స్టార్టు కాలేదు, రవ్వ కూడా పడలేదు. చల్లారాక స్టార్టయింది. ఇప్పుడు మీ అనుమానం దేని మీద?